ఎడమ పక్క

మార్కాపురం,
10-11-2024, ఆదివారం

చిన్నాయనకు సుప్రియ రాసేది.

ఇంటి దగ్గర అందరి వందనాలూ ఈ కాగితంలోనే మడిచి పంపుతున్నాను. నాయనకు దగ్గు తగ్గింది. మీ నల్లగొర్రె ఈనింది, రెండు పిల్లలు. పులుల లెక్క ముగిసేదాకా మీకు సెలవులు లేవని, క్యాంపులో సిగ్నల్ రాదని జీపు డ్రైవర్ కాటమరాజన్న చెప్పాడు. పది రోజులకోసారి ఆయన యర్రగొండపాలెం నుంచి మీకు బియ్యం, పప్పు తెస్తాడు కదా, ఈ ఉత్తరం కూడా ఆ బస్తాల మీద కూర్చుని వస్తుంది.

నువ్వు అడవి ఉద్యోగానికి పోయి రెండేళ్లయింది. నువ్వు గోల్‌కీపర్‌గా నిలబడి నడిపించిన మన పల్లె ఫుట్‌బాల్ జట్టు జూలై నుంచి నా చేతిలో ఉంది. స్కూల్లో పి.ఇ.టి. పని అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు మధ్యాహ్నం చర్చి వదిలాక ఆడిస్తున్నాను. జనవరి 24 నుంచి మార్కాపురంలో టోర్నమెంటు ఉంది. పద్నాలుగు మంది పేర్లు ఇవ్వాలి. పదమూడు రాశాను. పద్నాలుగోది విశ్వాసం మామ పేరు. అది రాయాలా వద్దా అన్నదే తేలడం లేదు.

మామకు నలభై మూడు, గోల్ ముందు మధ్యలో డిఫెండర్. పొద్దంతా పలకల ఫ్యాక్టరీలో రంపం దగ్గర నిలబడి వస్తాడు. నేను ప్రతి మ్యాచ్‌కూ పుస్తకంలో రాసుకుంటాను. ఆరు మ్యాచ్‌లలో మామ ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర బంతి లాక్కున్నది ఇరవై ఒక్కసారి. మామకు కుడి పక్కన ఆడే మా ప్రవీణ్ కుమార్ లాక్కున్నది డెబ్బై నాలుగుసార్లు. మామను దాటిపోయినవాళ్లందరూ ఆయన ఎడమ పక్క నుంచే పోయారు. రాయిని దాటినట్టు దాటారు, మామ కదలనైనా కదల్లేదు. వయసైపోయిందని కుర్రాళ్లు గొణుగుతున్నారు.

కానీ ఒకటి నాకు అర్థం కావడం లేదు చిన్నాయనా. జట్టులో అందరికన్నా నెమ్మది మనిషి మామ. నేనే ఫార్వర్డ్‌నైతే ప్రతిసారీ ఆయన మీదికే పోతాను. అయినా చాలామంది ఆయన దగ్గరిదాకా వచ్చి పక్కకు తిరిగిపోతున్నారు. ఎందుకు తిరుగుతున్నారు? నా పుస్తకంలో దీనికి గడి లేదు.

మామతో పదిహేనేళ్లు ఆడినవాడివి నువ్వు. ఉంచాలా, తీసెయ్యాలా? నీ మాట కోసం చూస్తుంటాను.

నీ కూతురు
సుప్రియ

---

బేస్ క్యాంపు, నల్లమల,
19-11-2024

అమ్మా సుప్రియా,

నీ ఉత్తరం కందిపప్పు వాసనతో చేరింది. గొర్రెపిల్లల సంగతి రాసినందుకు సంతోషం. ఆడవో మగవో రాయలేదు.

ఇక్కడ మేం ఐదుగురం. చెట్లకు కట్టిన కెమెరాలు చూసుకుంటూ పొద్దున పన్నెండు కిలోమీటర్లు నడుస్తాం. మొన్న ఒక కెమెరాలో నలభై ఫోటోలు పడ్డాయి, నలభైలోనూ ఒకే ఎలుగుబంటి వీపు. చెట్టుకు వీపు రుద్దుకోవడానికి రోజూ అదే వేళకు వస్తుంది. అన్ని చెట్లుండగా దానికి ఆ చెట్టే ఎందుకో ఎవరికీ తెలియదు.

నువ్వడిగినదానికి జవాబు: ఉంచు.

ఈ అనుమానం నీకు దానంతట అదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా? ప్రవీణ్ మీ అమ్మ తమ్ముడి కొడుకు. మనవాడిని మధ్యలో నిలబెడదామని మీ మేనమామ ఇంటికొచ్చి చెప్పి ఉంటే ఆయన మాట వినొద్దు. విశ్వాసం బావను నేను వెనక నుంచి చూసినంతగా వాళ్లెవరూ చూడలేదు.

నీ పుస్తకం ఒక ఆదివారం ఇంట్లో పెట్టిపో. బంతిని చూడొద్దు. మ్యాచ్ మొత్తం ఆయన్నొక్కడినే చూడు. గడి లేదన్నావే, దానికి జవాబు దొరుకుతుంది.

బావ మనసు కష్టపెట్టుకోకుండా కాటమరాజుతో కబురు కూడా పంపుతున్నాను. నీ చోటుకేం భయం లేదు, పాపకు నేను రాసినానని చెప్పమన్నాను.

చలి మొదలైంది. మీ పిన్నిని నా పాత స్వెటర్ పంపమను.

అడవిలోంచి
ఏబేలు

---

మార్కాపురం,
1-12-2024, ఆదివారం

చిన్నాయనకు,

స్వెటర్ ఈ సంచిలోనే ఉంది. గొర్రెపిల్లలు రెండూ ఆడవే.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. మా మేనమామ పనికి బయటూరు పోయి ఆరు నెలలైంది, మళ్లీ ఈ ఊళ్లో కాలే పెట్టలేదు. ప్రవీణ్ నాకేమవుతాడో గ్రౌండ్‌లో నేనెప్పుడూ గుర్తు పెట్టుకోలేదు. మొన్న ప్రాక్టీసుకు ఆలస్యంగా వస్తే నాలుగు రౌండ్లు పరిగెత్తించాను, ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్పుకున్నాడు. నేను అడిగింది తెలియక. నువ్వు జవాబు చెప్పకుండా నన్ను అనుమానించావు.

ఇంకో సంగతి. మామ చోటు గురించి నేనూ నువ్వూ ఉత్తరాల్లో అనుకున్నామే కానీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. భయం లేదని నువ్వు కబురంపేదాకా, భయపడాల్సింది ఒకటుందని ఆయనకు తెలియదు. ఆ రోజు నుంచి మామ గ్రౌండ్‌కు రావడం మానేశాడు.

రెండో వారం మామ వాళ్లింటికి పోయాను. మామ లేడు. మార్తమ్మత్త చేటలో వేరుశనక్కాయలు పోసి కూర్చోబెట్టింది. మోకాలి నొప్పి అంది. ఏ మోకాలని అడిగితే కుడి అంది. కాసేపయ్యాక ఆమే ఎడమ అంది. 

మామ లేకుండా యర్రగొండపాలెం జట్టుతో ఆడాం. నాలుగు–ఒకటితో ఓడిపోయాం. విచిత్రమేమిటంటే, ప్రతి మ్యాచ్‌లో పన్నెండుసార్లు బంతి లాక్కునే ప్రవీణ్ ఆరోజు ఐదుసార్లే లాక్కున్నాడు. వాడి వేగం వాడికే ఉంది, కాళ్లు వాడివే. మామ ఒక్కడు లేకపోతే వాడికేమైంది? వదినా, ఈరోజు నా దగ్గరికి ఎవరూ రాలేదు అన్నాడు.

నేను అప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఈ ముడి నీకు తెలుసని నాకు అనుమానం. తెలిస్తే రాయి.

సుప్రియ

---

బేస్ క్యాంపు,
11-12-2024

అమ్మా,

ప్రవీణ్ మాట నేను అనకుండా ఉండాల్సింది. ముసలితనం దగ్గరికొస్తే మనిషికి ముందు చుట్టరికాలే కనిపిస్తాయేమో. మనసులో పెట్టుకోకు.

కబురు కూడా తప్పే. కాటమరాజును అడిగితే, బావ వింటూ వింటూ చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడని చెప్పాడు. ఈ ఉత్తరంతో బావకు వేరే చీటీ ఉంది. మార్తమ్మక్క చేతికివ్వు, ఆయనకు అందిస్తుంది. ఆయన వస్తాడు.

నాలుగు గోల్స్ తిన్నారంటే నాకు ఇంకో అనుమానం. మీ గోల్‌కీపర్ జాషువా నోరు తెరుస్తాడా? కీపర్‌కు చేతులెంత ముఖ్యమో గొంతు అంత. బావ ఆడే రోజు జాషువాకు ఒక పని చెప్పు. బావకు ఎడమ వైపు నుంచి ఎవరు వచ్చినా "ఎడమ" అని గట్టిగా అరవాలి. అంతే. ఎందుకని అడగొద్దు. వాడూ అడగొద్దు, నువ్వూ అడగొద్దు.

నేను ఆడినన్నాళ్లూ అట్లానే అరిచాను. ప్రవీణ్ దగ్గరికి వాళ్లెందుకు వస్తారో కూడా నీకు ఆదివారం తెలుస్తుంది.

వాగులో నీళ్లు బాగా తగ్గాయి. మా వంట చేసే ఆంజనేయులు ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసి, ఒకసారీ వేయలేదని వాదిస్తున్నాడు.

చిన్నాయన

---

మార్కాపురం,
22-12-2024, ఆదివారం

చిన్నాయనకు,

ఇది పండగ ముందు రాయాల్సిన ఉత్తరం కాదు. అయినా ఈరోజే రాయాలి.

మామ వచ్చాడు. నీ చీటీలో ఏం రాశావో నాకు తెలియదు. బూట్లు తుడుచుకుని ఏమీ జరగనట్టు వరుసలో నిలబడ్డాడు. హనుమంతునిపాడు జట్టుతో మ్యాచ్. నేను పుస్తకం ఇంట్లో పెట్టి పోయాను. నువ్వు చెప్పినట్టే బంతిని వదిలేసి మామను చూశాను.

మొదటి పదిహేను నిమిషాలు ఏమీ అర్థం కాలేదు. తర్వాత మొత్తం కనిపించింది. ఫార్వర్డ్ ఇరవై అడుగుల దూరంలో ఉండగానే మామ అతనికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు నిలబడతాడు. ఒక దారి మూసి, ఒక దారి తెరిచి పెడతాడు. తెరిచిన దారి ఎప్పుడూ ఆయన కుడి వైపే. వచ్చినవాడు తనే తిరిగాననుకుంటాడు, కానీ తిప్పింది మామ. ఆ దారిలో ప్రవీణ్ ఉంటాడు. నా పుస్తకంలో ప్రవీణ్ పేరు మీద రాసిన డెబ్బై నాలుగులో సగం మామవి. సంతోషంతో నాకు అరవాలనిపించింది.

అరవలేదు. ఎందుకంటే అప్పుడే నాకు రెండో ప్రశ్న పుట్టింది. ఎప్పుడూ కుడికే ఎందుకు?

మళ్లీ చూశాను. కుడి నుంచి పిలిస్తే మామ కళ్లు తిప్పుతాడు. ఎడమ నుంచి పిలిస్తే మెడ మొత్తం తిప్పుతాడు. జాషువా "ఎడమ" అని అరిచిన ప్రతిసారీ ముందు అడుగు వేసి, ఆ తర్వాత చూశాడు. ఈరోజు ఒక్కడూ దాటలేదు. సగం ఆట అయ్యాక నేను నీళ్ల సీసా పట్టుకుని మామకు ఎడమ పక్కన నిలబడ్డాను. మాట్లాడలేదు. సీసా చాపాను. మామ నీళ్ల కోసం అటూ ఇటూ చూస్తున్నాడు, నా చేయి ఆయన భుజానికి జానెడు దూరంలో ఉంది. కుడి పక్కకు వచ్చాను. వెంటనే అందుకున్నాడు.

సాయంత్రం మార్తమ్మత్త దగ్గరికి పోయి నేరుగా అడిగాను. ఆమె తలుపు దగ్గరగా వేసింది. తర్వాత చెప్పింది. పదకొండేళ్ల కింద ఫ్యాక్టరీలో పలక పెచ్చు ఎగిరి ఎడమ కంట్లో పడింది. చూపు మొత్తం పోయింది. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది కాబట్టి ఇంటి గడప దాటి ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో తెలిస్తే రంపం దగ్గర నిలబెట్టరని ముందు భయం, తర్వాత అదే అలవాటైంది. అంతటితో అయిపోలేదు. అక్టోబరులో కంటి డాక్టరుకు చూపించుకున్నాడట. కుడి కంటికి శుక్లం వస్తోంది, లోపలి పొర కూడా బలహీనంగా ఉంది, దెబ్బ తగలకూడదు అన్నాడట. "తలకు బంతి తగిలేది వద్దన్నాడమ్మా. నేను చెప్తే ఇంటాడా? నువ్వు మాన్పిస్తావని చూస్తా ఉన్నా" అంది అత్త.

చిన్నాయనా, ఈరోజు మ్యాచ్‌లో మామ మూడు బంతులు నుదుటితో కొట్టాడు. నేను చప్పట్లు కొట్టాను.

నీకు తెలుసు. తెలిసే ఎందుకని అడగొద్దన్నావు. ఉన్న ఒక్క కన్నుకు ఏదైనా అయ్యుంటే రేపు మార్తమ్మత్త ముందు నేను ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

సుప్రియ

---

బేస్ క్యాంపు,
2-1-2025

సుప్రియమ్మకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కొత్త సంవత్సరం రోజు ఇక్కడ కేకు లేదు, ఆంజనేయులు బెల్లం పాయసం చేశాడు. నా గ్లాసు ఆయనకే ఇచ్చేశాను.

కుడి కన్ను సంగతి నాకు తెలియదు. నమ్ము. ఎడమ కన్ను సంగతి తెలుసు. ఎట్లా తెలిసిందో రాస్తాను.

పదకొండేళ్ల కింద బావ రెండు నెలలు ఆటకు రాలేదు. జ్వరం అన్నారు. తిరిగొచ్చాక మొదటి మ్యాచ్ గిద్దలూరులో. ఒక కుర్రాడు బావ ఎడమ పక్క నుంచి నడుచుకుంటూ పోయినట్టు పోయాడు. బావ బంతి కోసం ఎదురుగా చూస్తూనే ఉన్నాడు. రెండోసారి నాకు తెలియకుండానే "ఎడమ" అని అరిచాను. బావ చూడకుండానే కాలు చాపాడు, బంతి ఆయన కాలికి తగిలి ఆగింది. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌లో అరిచాను. ఆయన ఏనాడూ చెప్పలేదు. నేను ఏనాడూ అడగలేదు. నేను అడవికొచ్చాక బావ ముసలివాడైపోయాడని మీరందరూ అనుకున్నారు కదా. అది వయసు కాదమ్మా. నేను లేకపోవడం.

ఆయన పరువు కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇక్కడ కెమెరాల మధ్య నడుస్తుంటే ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. నిజం వేరే. అప్పుడు జట్టు నాది. బావ లేకపోతే మేం గెలవం. అడిగి ఉంటే ఆయన చెప్పేవాడు, చెప్పాక నేను ఆపాల్సి వచ్చేది. అందుకే అడగలేదు. దానికి స్నేహం అని పేరు పెట్టుకున్నాను.

ఉంచు అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావకు చెప్పాల్సింది నేను. సెలవు అడిగితే నెలాఖరు దాకా కుదరదన్నారు. నువ్వే చెప్పాల్సి వస్తోంది. నాకు ఎప్పటి నుంచో తెలుసని కూడా చెప్పు. దాచొద్దు.

ఏబేలు

---

మార్కాపురం,
27-1-2025

చిన్నాయనకు,

ఇది నీకు త్వరగా చేరాలి. బస్సు కండక్టరు చేతికిచ్చి కాటమరాజన్నకు అందేలా పంపుతున్నాను.

పేర్లు ఇవ్వాల్సిన రోజుకు ముందు సాయంత్రం మామతో మాట్లాడాను. అందరూ వెళ్లాక గోల్ దగ్గర ఆయన ఒక్కడే వలకు పడిన చిరుగులు కడుతున్నాడు. రాత్రంతా మాటలు కూర్చుకుని పోయాను, అక్కడికి పోయేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"మామా, నీ పేరు రాయడం లేదు" అన్నాను.

"వయసని?"

"కాదు. కన్నని."

వల ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. "మార్తమ్మ చెప్పిందా?"

"ముందు నేనే కనిపెట్టినా. తర్వాత అడిగితే చెప్పింది."

నా కాళ్లు వణుకుతున్నాయి. మామ దాన్ని చూశాడనుకుంటాను. కూర్చోమని గోల్ పక్కనున్న రాయి చూపించాడు. ఇంకో ముడి వేసి, "ఏబేలుకు తెలుసునా?" అని అడిగాడు. పదకొండేళ్ల నుంచి తెలుసని చెప్పాను. మామ మిగిలిన ముడులన్నీ వేసి, దారం కొరికి, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గ్రౌండ్ వైపు రాలేదు. ప్రవీణ్‌ను పంపితే ఇంట్లో లేడని చెప్పించాడు.

టోర్నమెంటులో మొదటి మ్యాచ్ గెలిచాం. శనివారం సెమీస్‌లో పామూరు జట్టు చేతిలో రెండు–ఒకటితో ఓడిపోయాం. మధ్యలో ప్రవీణ్‌ను పెట్టాను. మామ నిలబడినట్టు పక్కకు నిలబడడం వాడికి నేర్పించాను. నేర్చుకున్నాడు కూడా, కానీ చివరి అయిదు నిమిషాల్లో వాడిని తప్పించుకుని గోల్ కొట్టారు. వాడు ఏడ్చాడు. మామ ఉంటే గెలిచేవాళ్లమేమో. గెలిచేవాళ్లమనే నాకు అనిపిస్తోంది. అయినా ఆయన పేరు రాయనందుకు నాకు బాధ లేదు. బాధ ఇంకోటి. ఆయనతో ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఏం కావాలని అడగలేదు.

ఇక తొందర ఎందుకంటే, నిన్న పొద్దున చర్చికి పోకుండా మామ ఇంట్లోంచి వెళ్లిపోయాడు. యర్రగొండపాలెం పోతున్నానని మాత్రం అత్తకు చెప్పాడట. అక్కడ ఆయనకు చుట్టాలు లేరు. ఫోన్ ఇంట్లోనే ఉంది. నీ మీద కోపంతో వస్తున్నాడో, ఎక్కడికి పోయాడో తెలియదు. నీ దగ్గరికి వస్తే వెంటనే కబురు చెయ్యి. అత్త అన్నం తినడం లేదు.

సుప్రియ

---

బేస్ క్యాంపు,
29-1-2025

అమ్మా సుప్రియా,

మార్తమ్మక్కను అన్నం తినమను. నీ ఉత్తరం, విశ్వాసం బావ ఒకే జీపులో వచ్చారు.

బస్తాలు దించడానికి మనిషి కావాలని పైవాళ్లను ఒప్పించి కాటమరాజు ఎక్కించుకున్నాడట. రెండు రోజులు బావ కాటమరాజు ఇంట్లోనే ఉన్నాడు. అడవి జీపు ఎప్పుడు బయలుదేరుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడట. దిగగానే నాతో మాట్లాడలేదు. నిజంగానే బస్తాలన్నీ దించాడు. నేను ఎడమ వైపు నుంచి పోయి ఒక బస్తా పట్టుకోబోతే, చూడకుండానే "నువ్వు పక్కనుండు" అన్నాడు. నా అడుగుల చప్పుడు ఆయనకు తెలుసు.

తర్వాత వాగు ఒడ్డున కూర్చున్నాం. బావే మొదలుపెట్టాడు.

"తొమ్మిదేండ్లు నా ఎడమ పక్క అరిచినావు. ఒక్కనాడన్నా అడగలేదేంది?"

"అడిగితే నిన్ను ఆపాల్సొచ్చేది బావా."

ఆయన తల ఊపాడు. "నేనూ అందుకే చెప్పలేదు" అన్నాడు.

కొట్టడానికి వచ్చాడేమో అనుకున్న మనిషి ఆ మాట అన్నాక నేను తల ఎత్తలేకపోయాను. నీకు ఉత్తరంలో రాసిందంతా ఆయనకు నోటితో చెప్పాను. గెలవడం కోసం అడగలేదని కూడా చెప్పాను. బావ వాగులోకి చూస్తూ విన్నాడు. "గెలిచినాం గదా" అన్నాడు. తర్వాత, "ఆ పిల్ల కాళ్లు వణుకుతా ఉండె. అయినా చెప్పింది. మన ఇద్దరికీ రాలేదు అది" అన్నాడు.

ఆట పోయినందుకు బాధ లేదా అని అడిగాను. ఉందన్నాడు. నీ మాట విని ఇంటికి పోయిన రాత్రి మాత్రం రెండేళ్లకు హాయిగా నిద్రపట్టిందట. నేను వచ్చేదాకా నా గోల్ ముందు ఎవరో ఒకరు నిలబడాలని అనుకున్నాడట. నేనేమో ఆట ఆపితే ఆయన బతకలేడని అనుకున్నాను. ఒకరి కోసమని ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన కుడి కంటికి ఆపరేషన్. పులుల లెక్క అయిపోయింది, నాకు పదిహేను రోజుల సెలవు ఇచ్చారు. పక్కన నేనుంటాను. రంపం పని మానేస్తానని కూడా ఒప్పుకున్నాడు, ఇక ఏం చేయాలో మార్తమ్మక్కతో కూర్చుని తేల్చుకోవాలి.

మూడు గంటలకు జీపు తిరిగి పోతుంది. ఈ ఉత్తరం తెచ్చేది బావే. నీకు రెండు మాటలు రాయాలని పెన్ను అడుగుతున్నాడు. కాగితం ముక్కుకు ఆనించి రాస్తాడు, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

చిన్నాయన

అమ్మా సుప్రియా, శనివారం సెమీస్ నేను చూసినాను. కొబ్బరి బోండాల బండి ఎనక నిలబడినాను, మీరెవ్వరూ చూడలేదు. రెండో గోలు ప్రవీణ్ తప్పు గాదు, వానికి చెప్పు. పక్కకు బాగనే నిలబడినాడు. కాకుంటే వాడు ఎదుటోని కాళ్లు చూస్తాడు. కాళ్లు అబద్ధం ఆడతాయి. నడుము చూడమను, నడుము యాడికి తిరిగితే మనిషి ఆడికే పోతాడు. ఇది కాగితంలో రాస్తే రాదు. ఆపరేషన్ అయి కట్టు ఇప్పినాక ఆదివారం గ్రౌండ్‌కు వస్తా. నాకొక కుర్చీ ఎయ్యి. బంతి నా దిక్కు రాకుండా చూసే పూచీ నీది. విశ్వాసం.